వానపాము జన్యుపటాల పొంతన పోరు

ప్రచండ మార్తాండుడు కిటికీ ఊచల సందున దూరి బల్లపై కిరణబాణాలు గుప్పిస్తున్న మూడున్నర గంటల మహాముహూర్తాన, ఆ రెండు గదుల ఇంట కొలువై ఉన్నవారెవరనగా: వినికిడి మిషను తీసిపెట్టి నిద్రాసముద్రంలో మునిగిన తాతయ్య, మడతబట్టల గిరిశిఖరం మోస్తున్న అమ్మ, కంప్యూటరుపై దండెత్తిన పరిశోధకశిఖామణి అక్క, గుమ్మాన్ని పట్టుకుని నిలబడిన చెల్లి. గొంతు పైకి రాని ఆ పిల్లను ఇంటిల్లిపాదీ 'గుసగుస' అంటారు.

అక్క పోరు వానపాము కోసం. దాని జన్యుపోగును, అంటే డీఎన్ఏను, సాగదీసి, ఒక ఎంజైముతో గుర్తులు వేయించి, ఆ గుర్తుల మధ్య దూరాలతో పటం గీయించింది. అదే ఎంజైము లెక్కన, చదివి ఉంచిన జన్యు అక్షరాల నుంచి సాఫ్టువేరు మరో పటం గీసి, రెంటికీ పొంతన కుదర్చాలి. నాలుగింటిలోగా ఆ ఫలితం ప్రొఫెసరుకు చేరకుంటే రెండేళ్ల వానపాము పరిశోధన పరాయిపాలు!

ఏడోసారీ యంత్రాసురుడు చక్రం తిప్పి తిప్పి, "పొంతన: సున్నా" అన్నాడు.

"ఓరి కృతఘ్నుడా! మట్టి పిసికిన ఈ చేతులతోనే నిన్ను మట్టుబెడతా!" అని అక్క గర్జించింది.

"తాతయ్య లేస్తారే," అంది అమ్మ.

"మిషను తీసేశారు, లేవరులే. ఇక్కడ నా వానపాము పోతోందమ్మా!"

"పోతే పోనీ. పెరట్లో బోలెడున్నాయి."

అప్పుడు గుసగుస చూపు అక్క నోటుపుస్తకంపై పడింది. అందులో, గుర్తులు వేసింది 'రెండో ఎంజైము' అని ఉంది. తెర మీది ఎంజైము గడిలో 'ఒకటి' ఉంది. చెప్పాలి. కానీ బడిలో హాజరు పలకడానికే తల దించుకునే ఆ బాల, అరచేతుల చెమట గౌనుకు తుడుచుకుని, కంఠదుర్గ కవాటాలను భుజబలంతో నెట్టి నెట్టి, ఎట్టకేలకు పలికింది.

"అక్కా... అక్కడ..."

"ఏంటా గొణుగుడు? గట్టిగా ఏడువు!"

"రెండు! రెండో ఎంజైము నొక్కవే!"

అవతలి గదిలో తాతయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఎవరే అరిచింది?"

అక్క నొక్కింది. గుర్తుకు గుర్తు ఎదురొచ్చి నిలిచింది. తొంభై నాలుగు శాతం! మూడు యాభై ఎనిమిదికి ఫైలు వెళ్లింది. మరుక్షణం ఫోను మోగింది.

"అవును సార్, ఎంజైము తప్పు పెట్టాను... నేను కాదు సార్, మా చెల్లి పట్టుకుంది."

దిక్కులారా, వినండి! గోడ అవతలికి వినబడేలా నాలుగు మాటలు పలికిన వీరాంగనకు జయము, జయము! ఆ ఊపులో అయిదో మాట కోసం ఆమె నోరు తెరవగానే, "ఉష్, సార్ లైన్లో ఉన్నారు," అని అక్క ఆ పిల్ల మొహం మీదే తలుపు వేసేసింది.