ఒకే చేతి పని

ఆ ఉదయం వకీలు వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళాపాళా లేకుండా మోగే అలారం గడియారాన్ని దారిలో మరమ్మత్తుకివ్వాలి. తర్వాత కోర్టులో పోలీసుల బాంబు నిపుణుణ్ణి ప్రశ్నలతో ఉతికి, ఉగ్రవాద కుట్ర కేసులో ఇరుక్కున్న రేడియో మెకానిక్‌ని విడిపించాలి. అతని గదిలో దొరికింది సగం విప్పిన రేడియో అని మొత్తుకున్నా వినకుండా, బాంబేనని తేల్చింది ఆ నిపుణుడే. ఆ ఒక్క మాట మీద మెకానిక్ నాలుగేళ్ళుగా జైల్లో ఉన్నాడు.

గడియారాన్నీ, ఫోను ఛార్జరునీ, అన్నం డబ్బానీ భార్య ఒకే సంచిలో కుక్కింది. "కొట్టు దగ్గర ఆగడం మర్చిపోకండి, మీ సంగతి నాకు తెలుసు!" అంది. ఆయన కొట్టును మర్చిపోయాడు. కోర్టు వరండాలో నల్లకోటు తొడుక్కునే హడావిడిలో బెంచీ మీద సంచినీ మర్చిపోయాడు.

"అమ్మో, టిక్కు టిక్కుమంటోంది!" అని గుమాస్తా ఒకడు కేక పెట్టాడు. ఏళ్ళ తరబడి ఏ కేసుకీ కదలని భవనం రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. అందరికంటే ముందు గేటు దాటింది ప్రభుత్వ వకీలు.

సాక్ష్యానికి వచ్చిన నిపుణుడు అక్కడే ఉన్నాడు కనుక వెతుక్కునే పని తప్పింది. ఆయన కారు చాటున నక్కి, నూరు గజాల దూరం నుంచి సంచిలోంచి వేలాడుతున్న ఛార్జరు తీగను పరిశీలించాడు. "సందేహమే లేదు సార్," అని జడ్జిగారితో అన్నాడు. "ఆ మెకానిక్ గదిలో దొరికిందీ, ఇదీ ఒకే చేతి పని. కావాలంటే రాసిస్తాను." అడక్కముందే రాసి సంతకం పెట్టేశాడు.

వకీలు పైప్రాణాలు పైనే పోయాయి. సంచి నాదంటే ముఠాలో తానూ ఒకడైపోతాడు. ఊరుకుంటే మెకానిక్ మెడకు రెండో బాంబు చుట్టుకుంటుంది. జనంలో కలిసిపోదామని రెండడుగులు వెనక్కి వేశాడు. బేడీలతో నేలమీద కూర్చున్న మెకానిక్ కళ్ళొత్తుకోవడం చూశాక మాత్రం ఆయనకు తన మీద తనకే సిగ్గేసింది.

"ఒకే చేతి పని అని ఖాయమేనా?" అని నిపుణుణ్ణి అడిగాడు.

"నా ఉద్యోగం పందెం!"

"అయితే ఆ చెయ్యి మా ఆవిడదండీ," అంటూ, జనం ఆగమని అరుస్తున్నా వినకుండా వెళ్ళి, సంచి తెచ్చి అందరి ముందూ బోర్లించాడు. గడియారం గణగణ మోగింది. నిపుణుడు నేలకు కరుచుకుపోయాడు. డబ్బా మూత ఊడి కూర బయటపడింది.

జడ్జిగారు నిపుణుడి పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. సాయంత్రానికి మెకానిక్ నిర్దోషిగా ఇంటికి వెళ్ళాడు.

నిపుణుడు పరువు దక్కించుకోవడానికి సవరించిన నివేదిక ఒకటి ఇచ్చాడు: "డబ్బాలోని పదార్థం ఏమిటో తేలలేదు; ప్రాణహాని మాత్రం లేదు." కేసు కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకునే వకీలు, ఆ ఒక్క పేజీని మాత్రం ఆఫీసులోనే దాచుకున్నాడు.