కంప్యూటర్‌కు బుధవారం జబ్బు

గురువారం పొద్దున స్టీవెన్ పెట్టుకున్న పనులు మూడే మూడు. కంప్యూటర్ ఆన్ చేసి నెట్ వస్తోందో లేదో చూసుకోవడం, "అంత మంచిగనే ఉంది" అని భార్యకు చెప్పడం, ఉప్మా తినడం. మొదటి పని దగ్గరే బండి ఆగిపోయింది. నెట్ రాలేదు.

మామూలు రోజైతే ఎవరికీ పట్టేది కాదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆయన భార్య దీవెనకు ఇంటర్వ్యూ. బోధన్‌లో ఆమె లెక్కలు చెప్పే స్కూలు మూతపడి రెండేళ్ళయింది. ఇంట్లోనే కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం ఒకటి, వెతగ్గా వెతగ్గా ఇప్పటికి దొరికేలా ఉంది. ఆఖరి ఇంటర్వ్యూ ఇదే. ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ ముందే కూర్చోవాలి, మధ్యలో నెట్ తెగితే మళ్ళీ పిలవం అని కంపెనీవాళ్ళు ముందే రాశారు. పాపం, ఆమె నాలుగు రోజులుగా అద్దానికి భిన్నాలు నేర్పుతోంది.

లోపలి గదిలో ఉన్న నెట్ డబ్బా నుంచి ముందుగదిలోని కంప్యూటర్ నెట్ అందుకోవాలంటే, దాంట్లో వైర్‌లెస్ కార్డు అని ఒకటి ఉండాలి. ఆ కార్డుకు రెండు నెలలుగా ఒక వింత జబ్బు పట్టుకుంది. బుధవారం సాయంత్రం పడకేస్తుంది, గురువారం పొద్దున దానంతటదే లేచి కూర్చుంటుంది. బుధవారాలు ఆ ముందుగదిలోనే ప్రార్థన కూటం. స్టీవెన్ తల్లి కమలమ్మ కంప్యూటర్ మీద తెల్లటి అల్లిక గుడ్డ కప్పి, దాని ముందు పాస్టరుగారికి కుర్చీ వేస్తుంది. ఆ పూట కంప్యూటర్‌తో ఎవరికీ పెద్ద పనుండదు గనుక స్టీవెన్ ఆ జబ్బును పట్టించుకోలేదు. నెట్ కంపెనీవాళ్ళు వారానికోసారి లైన్లు బాగుచేస్తారని తనే ఒక కారణం కల్పించి, నలుగురికీ చెప్పి, చివరికి తనే నమ్మేశాడు.

ఇవాళ మాత్రం ఎనిమిదైనా జబ్బు దిగలేదు. అడుగుదామంటే కమలమ్మ కూడా ఇంట్లో లేదు. చెల్లెలికి జ్వరమని కబురొస్తే తెల్లవారకముందే ఎడపల్లికి వెళ్ళింది. అయినా కంప్యూటర్ సంగతి ఆమెను అడగాలని ఎవరికి తోస్తుంది?

"కూటానికొచ్చే రజిని అక్కది ల్యాప్‌టాప్ ఉంది. అడుగుదమా?" అంది దీవెన.

"ఇంట్ల గింత పెద్ద కంప్యూటర్ పెట్టుకొని ఇంకొకలను అడుగుడా? ఇజ్జత్ పోదూ? నువ్వు పరేషాన్ గాకు. నిజామాబాద్ పోయి పదకొండున్నరకల్ల చేపిచ్చుకొస్త."

స్టీవెన్ ఆఫీసుకు సెలవు చెప్పి, కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, స్కూటీ మీద కాళ్ళ మధ్య నిలబెట్టుకుని బయలుదేరాడు. ఎడపల్లి దగ్గర తెలిసినాయన ఎదురై, "పానం బాగలేనిదెవరికి?" అని అడిగాడు కూడా.

నిజామాబాద్ బస్టాండు దగ్గర ముజమ్మిల్ దుకాణం. పనిమంతుడే. గోడమీద మాత్రం ఒక బోర్డు పెట్టుకున్నాడు: "డబ్బా మాత్రమే తీసుకురండి. వైర్లు, విడి సామాన్లు తేవద్దు." తెచ్చినవాళ్ళు ఇక్కడే మరిచిపోయి, తర్వాత వచ్చి కొట్లాటకు దిగుతున్నారట. ఏ డబ్బా వచ్చినా తన వైర్లు, తన విడి సామాను తగిలించి చూడడం, బాగయ్యాక అన్నీ ఊడదీసి అప్పగించడం అతని పద్ధతి.

"మీరు గా ముంగట చాయ్ తాగి రాండ్రి అన్నా. అప్పటికల్ల చూస్త," అన్నాడు.

స్టీవెన్ చాయ్ తాగి వచ్చేసరికి తెరమీద నెట్ గీతలు నాలుగూ నిండుగా వెలుగుతున్నాయి.

"కార్డుకేం గాలే. మస్తు నడుస్తుంది. జర దుమ్ముండె, సాఫ్ చేసిన," అని ముజమ్మిల్ డబ్బాను మళ్ళీ దుప్పట్లో చుట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి తగిలిస్తే ఏముంది? ఒక గీత అట్లా వచ్చి, ముఖం చూపించి, వెళ్ళిపోయింది. స్టీవెన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఫోన్ చేశాడు.

"ఈడ వస్తలేదు ముజమ్మిల్!"

"నా దగ్గర నడిచింది గదన్నా! మీ కళ్ళతోటి చూస్తిరి. మీ ఇంట్లనే ఏదో అడ్డమున్నది. ఇనుప సామాను ఏమన్న ఉన్నదా నడుమ?"

నడుమ ఉన్నది బీరువా. ఇంకేం, మేడమీద అద్దెకుండే లక్ష్మీరాజాన్ని పిలిచి, ఇద్దరూ కలిసి దాన్ని వరండాలోకి ఈడ్చారు. నెట్ రాలేదు. ఇనుప మంచం బయటికి వెళ్ళింది. రాలేదు. బియ్యం డ్రమ్ము వెళ్ళింది. అప్పటికీ రాలేదు. లక్ష్మీరాజం చెమట తుడుచుకుంటూ, "ఏమైంది సార్?" అని అడిగాడు. "ఏం చెప్పమంటవ్ లక్ష్మీరాజం, మా బతుకు గిట్లైంది," అన్నాడు స్టీవెన్. ఆ ఒక్క ముక్కా పట్టుకుని లక్ష్మీరాజం మెట్లెక్కుతూనే రజినికి ఫోన్ చేశాడు. స్టీవెన్ సారోళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారని, ఏదో పెద్ద కష్టమొచ్చిందని కూటంలో అందరికీ తెలియడానికి ఆ తర్వాత పావుగంట పట్టింది.

దీవెన వరండాలోని మంచం మీద కూలబడింది. "రెండేండ్ల తర్వాత ఒక్కటొచ్చింది. గిది గూడ పోతది," అని ఏడ్చింది. స్టీవెన్ మళ్ళీ ముజమ్మిల్‌కే ఫోన్ చేశాడు. ఈసారి గట్టిగానే అరిచాడు.

ముజమ్మిల్‌కు రోషమొచ్చింది. తన చేతిమీద బాగైన డబ్బా మళ్ళీ పాడవడమేమిటి? దుకాణానికి తాళం వేసి, కొత్త కార్డు పట్టుకుని, బండి మీద రెండింటికల్లా బోధన్ చేరాడు. ఆ రోషంలో అటూ ఇటూ చూడకుండా పాత కార్డు పీకేసి కొత్తది బిగించి, దాని పెట్టెలో వచ్చిన కొత్త సామానంతా తగిలించాడు. నాలుగు గీతలు! దీవెన కళ్ళు తుడుచుకుని చీర కట్టుకోవడానికి పరిగెత్తింది. స్టీవెన్, ముజమ్మిల్ బీరువాను లోపలికి మోసే పనిలో పడ్డారు.

సరిగ్గా అప్పుడే ఎడపల్లి బస్సు దిగి కమలమ్మ, ఆమె వెనకే రజిని, కూటం ఆడవాళ్ళు ఇంకో అయిదుగురు లోపలికొచ్చారు. వరండాలో మంచం, డ్రమ్ము చూసి కమలమ్మ చేతిసంచి గడపలోనే వదిలేసింది. ఏమిటో ఎందుకో అడిగే తీరిక ఎవరికుంది? "పట్టుండ్రి, ముందుగాల ప్రార్థన చేద్దం," అంది రజిని. ప్రార్థన అనగానే కమలమ్మ చేతులు వాటంతటవే కదిలాయి. కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది, వెనక్కి ఒకసారి చెయ్యి పోనిచ్చింది, కుర్చీలు సర్దింది.

లోపల బీరువా కింద నలుగుతున్న స్టీవెన్‌కు రజిని ప్రార్థన వినిపిస్తూనే ఉంది. "ప్రభువా, రోడ్డునపడ్డ గీ కుటుంబానికి నీడ సూపియ్యి..." పాపం ఎవరో అనుకుని తనూ ఆమెన్ అన్నాడు.

మూడింటికి పది నిమిషాలుందనగా దీవెన వచ్చి గుడ్డ తీసి కూర్చుంది. నెట్ లేదు.

"ముజమ్మిల్!" అన్న కేక మేడమీది దాకా వినిపించింది.

ముజమ్మిల్ ఉరికి వచ్చాడు. కొత్త కార్డు! పెట్టె విప్పి గంట కూడా కాలేదు! డబ్బా వెనక్కి తొంగిచూసి, బిగించిన చోట తడిమి, అక్కడే చతికిలబడ్డాడు. "అన్నా... యాంటెనాలేవి?"

"ఏం యాంటెనాలు?" అన్నాడు స్టీవెన్. డబ్బాకు వెనకవైపు కూడా ఒకటుంటుందని ఆయన ఎన్నడూ తలచలేదు.

"గవే అన్నా, వెనక రెండు నల్లగ, నిలువుగ ఉంటయి. నెట్‌ను పట్టేటివి గవే!"

"గా కొమ్ములా?" అంది కమలమ్మ. "నా కుట్టు డబ్బల ఉన్నయి."

డబ్బా తెరిచింది. దారపు ఉండల పక్కన కొత్తవి రెండు, పాతవి రెండు, మొత్తం నాలుగు పడుకుని ఉన్నాయి.

"నువ్వెందుకు తీసినవవ్వా?" అన్నాడు స్టీవెన్.

"తియ్యకేం జేతు కొడుకా? రెండు నెలల కింద కూటంల రజిని ఫోటో దీసె. ఎనక గుడ్డ కింద గివి లేసి, పాస్టరయ్య నెత్తిమీద రెండు కొమ్ములు మొలిసినట్టు పడ్డది. గా ఫోటో ఊరంత తిరిగె. నువ్వు గూడ ఇకఇక నవ్వితివి. నాకు సిగ్గుతోని సచ్చినంత పనాయె. అప్పటిసంది బుధారం తీస్తున్న, గురువారం మీరు లేవకముందే పెడుతున్న. ఇయ్యాల ఎడపల్లి తొందరల మరిసిన."

"మరి నెట్ పోతుందని నాకు చెప్పొద్దా?"

"కంపెనోళ్ళు లైన్లు బాగు సేస్తున్నరని నువ్వే సెప్తివి. సదువుకున్నోనివి, నీకు తెల్వదా అనుకున్న."

ముజమ్మిల్ తల పట్టుకున్నాడు. "మీవి ఇంట్లనే పెట్టొచ్చిండ్రనుకొని, దుకాణంల నావి పెట్టి చూసిన అన్నా. మళ్ల తీసేసిన."

మూడింటికి అయిదు నిమిషాలు. ముజమ్మిల్ యాంటెనాలు బిగించబోతే తొందరలో మర పట్టలేదు. స్టీవెన్ ప్రయత్నించి ఒకటి కుర్చీ కిందికి దొర్లించాడు. "జరుగుండ్రి," అని కమలమ్మ ఇద్దరినీ పక్కకు నెట్టి, వెనక్కి చూడనైనా చూడకుండా, అర నిమిషంలో రెండూ బిగించేసింది. రెండు నెలల అలవాటు మరి.

నాలుగు గీతలు.

నలభై నిమిషాలు ఆ ఇంట్లో తొమ్మిదిమంది లోపలి గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దీవెన తలుపు తీసి, "సోమారం సంది రమ్మన్నరు," అంది.

"యాడికి?" అన్నాడు స్టీవెన్.

"ఈడికే!" అని దీవెన నవ్వుతూ, ఏడుస్తూ అత్తను పట్టుకుంది.

వెళ్ళేముందు ముజమ్మిల్ కమలమ్మను పిలిచి కంప్యూటర్ వెనక్కి చూపించాడు. "అవ్వా, వీటిని ఇప్పే అవసరమే లేదు. మొదలు కాడ మడత ఉన్నది. గిట్ల వంచితే వంగుతయి. నెట్ గూడ పోదు."

ఇప్పుడు బుధవారం ప్రార్థన మొదలవగానే ఆ ఇంట్లో అందరికన్నా ముందు తలవంచేది కంప్యూటరే.