హాస్కిల్ దొర నవ్వు బాకీ

కోట సెట్‌లో కలెక్టరు దొర వేషంలో బాణం తగిలి చనిపోయిన అమెరికా నటుడు వెర్నన్ హాస్కిల్ చేత, షాట్ అయ్యాక నవ్వించడం యూనిట్ వాళ్ళు మరిచిపోయారు కాబట్టి, ఆయన చనిపోయినట్టే ఉండిపోయాడు.

మన సినిమావాళ్ళకి ఈ పద్ధతి ఒకరు చెప్పనక్కర్లేదు. తెరమీద చచ్చినవాడు కట్ అనగానే లేచి, అదే వేషంతో కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా షూట్ చెయ్యాలి. తరవాత బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, నేలకేసి కొట్టాలి. ఆ నవ్వు సినిమాలో ఎక్కడా కనపడదు. అయినా అది ఉంటేనే చచ్చినవాడు తిరిగి బతికినట్టు లెక్క. యుద్ధం సీన్లలో కుప్పలుగా పడి చచ్చే జూనియర్ ఆర్టిస్టుల్ని కూడా వరసగా నిలబెట్టి, అందరిచేతా ఒకేసారి నవ్వించి, అప్పుడే భోజనాలకి వదులుతారు.

ఆ రోజు ప్రొడక్షన్ మేనేజర్ కొప్పినీడి వీర్రాజు బుర్రలో సవాలక్ష పనులున్నాయి. గుర్రాలవాడు అలిగి కూర్చున్నాడు, జనరేటరు మొరాయించింది. 'తెల్లదొరకి మన దిష్టేం తగుల్తుందిలే' అనుకుని గుమ్మడికాయని వంటవాళ్ళకి అప్పగించేశాడు. అది మజ్జిగ పులుసులో పడింది. హాస్కిల్‌కి పులుసు తెగ నచ్చి రెండోసారి వేయించుకున్నాడు. విస్తట్లో పడుతున్నది తన ప్రాణమేనని ఆయనకి తెలియదు పాపం.

మర్నాడు పొద్దున్న హోటల్లో కాఫీ అడిగితే ఎవరూ పలకలేదు. కౌంటర్లో అమ్మాయి ఆయన పక్కనున్న శోభారాణితో మాట్లాడింది. శోభారాణి డబ్బింగ్ ఆర్టిస్టు. ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి హాస్కిల్ మాటలు తెలుగులోకి, మనవాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి మార్చడానికి ఆవిణ్ణి పెట్టారు.

"సార్ పోయారట కదా మేడమ్. చాలా మంచాయన. దుప్పటి మార్చమని కూడా ఎప్పుడూ అడగలేదు," అంది ఆ అమ్మాయి.

"ఇదిగో, పక్కనే ఉన్నారు," అంది శోభారాణి.

"అవును మేడమ్, చూశాను. రూము పన్నెండింటికల్లా ఖాళీ చెయ్యాలి."

విమానం వాళ్ళు కూడా అంతే మర్యాదగా జవాబిచ్చారు. పోయినవారికి సీటు ఉండదనీ, పెట్టె ఉంటుందనీ, కొలతలు పంపమనీ రాశారు. వీర్రాజు అంచనా మీద రాసిన ఎత్తు ఒక అంగుళం తక్కువుందని హాస్కిలే దిద్దాడు. యాభయ్యేళ్ళుగా కాస్ట్యూమ్ వాళ్ళకి కొలతలిచ్చిన మనిషి, ఆ విషయంలో ఆయన దగ్గర పొరపాట్లుండవు.

చావు ఆయనకి కొత్త కాదు. అమెరికాలో సినిమాల్లోనూ టీవీలోనూ ఆయన చెయ్యని వేషం లేదు గానీ, కథ చివరిదాకా బతికిన వేషం ఒక్కటీ లేదు. రైలు కప్పు మీంచి పడ్డాడు, పేకాట దగ్గర తుపాకీ గుండు తిన్నాడు, కోడలు కలిపిన విషం తాగాడు. డిటెక్టివు సీరియళ్ళలో మొదటి సీన్‌లోనే తివాచీ మీద పడి ఉండే శవం సాధారణంగా ఆయనే. అక్కడి జనానికి ఆయన మొహం తెలుసు, పేరు తెలియదు. బజార్లో ఎదురైతే "మిమ్మల్నెక్కడో చూశానే, మీరు పోయారు కదూ" అనేవారు. ఆయన అవునని చెప్పి కూరగాయలు కొనుక్కుని వెళ్ళిపోయేవాడు.

డెబ్బై మూడో ఏట మొదటిసారి చావని వేషం వచ్చింది. కొత్త సీరియల్లో తాతయ్య. ఇంట్లో అందరూ ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయాక, ఆఖరి షాట్‌లో వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని వాన చూస్తాడు. అంతే వేషం. ఆ వానకోసమే హాస్కిల్ ఇన్నేళ్ళూ చచ్చాడని చెప్పాలి. షూటింగ్ వచ్చే వారమే. ఆలోగా బతికి ఊరు చేరకపోతే వరండాలో ఇంకొకరు కూర్చుంటారు.

అందుకని హాస్కిల్, శోభారాణి, వీర్రాజు ముగ్గురూ కలిసి సినిమావాళ్ళ దిష్టి నివారణ విభాగానికి వెళ్ళారు. అది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. సూపరింటెండెంటు బొల్లం నర్సింగరావు ముందు గుమ్మడికాయ సంగతి అడిగాడు. ఆ మాట పూర్తికాకముందే వీర్రాజు భుజాలు తడుముకున్నాడు.

"దొరలకి కూడానని నాకేం తెల్సండీ బాబూ," అన్నాడు వీర్రాజు. "ఇప్పుడు నవ్విస్తే పోలా? గుమ్మడికాయ కావాలంటే బండెడు తెస్తాను."

"గుమ్మడికాయతోని అయిపోతే నేనెందుకున్న ఈడ?" అన్నాడు నర్సింగరావు. "పాత కేసులు చూడాలె గదా. సారు ఇంతకుముందు ఎప్పుడన్న చచ్చిండా?"

శోభారాణి ఆ ప్రశ్నని ఇంగ్లీషులో అడిగింది. హాస్కిల్ దాపరికం లేకుండా అన్నీ చెప్పాడు.

"ఒక్కదానికన్న నవ్వినవా సారూ?"

లేదన్నాడు హాస్కిల్. వాళ్ళ ఊళ్ళో కట్ అనగానే లేచి, రంగు కడుక్కుని, ఇంటికి పోవడమేనట.

"అయితే నువ్వు మొన్న చావలే. మీసాలు రానప్పుడే చచ్చినవ్," అన్నాడు నర్సింగరావు. "రైలు మీదికెల్లి పడ్డవు సూడు, గప్పటికెల్లి పెండింగే."

"మరి ఇన్నాళ్ళూ నేనెలా తిరిగాను?" అని అడిగించాడు హాస్కిల్.

"ఆడ ఎవ్వరు అడగలే. ఈడ నేను అడుగుతున్న. ఎవ్వరు అడగకుంటే ఎంతకాలమైన తిరగొచ్చు."

ఇందులో హాస్కిల్‌కి తప్పేమీ కనపడలేదు. పైగా ఏవో కొన్ని విషయాలు ఇప్పుడు అర్థమయ్యాయన్నాడు. ఏ చావుకి ఆ నవ్వు నవ్వాలన్నది నిబంధన. వెనక గదిలో కెమెరా ఉంది, ముక్కాలిపీట ఉంది, కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. "నవ్వు నాలుగు విధాల చేటంటరు గానీ, మా సెక్షన్ల ఇదొక్కటే మందు," అంటూ నర్సింగరావే కెమెరా వెనక నిలబడ్డాడు.

హాస్కిల్ మొదలుపెట్టాడు. రైలు చావుకి కుర్రవాడి నవ్వు నవ్వాడు. ఆ రోజు డైరెక్టరు తనని "ఏయ్, టోపీ" అని పిలిచాడని గుర్తుచేసుకున్నాడు. పేకాట చావుకి సగం మూతితో నవ్వాడు. విషం చావుకి, కోడలు వేషం వేసిన అమ్మాయి నిజంగానే ఏడ్చి క్షమించమని అడిగిందని చెప్పి కడుపుబ్బ నవ్వాడు. ఒక్క నవ్వుని పోలి ఇంకొకటి లేదు. అంత పనిమంతుణ్ణి యాభయ్యేళ్ళు కళ్ళు మూయించి పడుకోబెట్టారు కదా అని శోభారాణికి ఒళ్ళు మండింది. వీర్రాజయితే చేసిన తప్పు మరిచిపోయి చప్పట్లు కొడుతున్నాడు.

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది. అదొక డిటెక్టివు సీరియల్లో శవాల గది సీన్. హాస్కిల్ పీటమీద కూర్చున్నాడు, కెమెరాలోకి చూశాడు, నవ్వలేదు.

"నవ్వు సారూ, ఇదొక్కటే మిగిలింది," అన్నాడు నర్సింగరావు.

హాస్కిల్ అప్పుడు సంగతి చెప్పాడు. శోభారాణి ఒక్కొక్క ముక్కా తెలుగులో అంటూ వచ్చింది. ఆ రోజు ఆయన ఇనప బల్లమీద శవంగా పడుకుని ఉండగా ఆస్పత్రి నుంచి సెట్‌కి ఫోనొచ్చిందట. భార్య మార్తాకి ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మని. చెబితే శవం గుండె ఎగసిపడుతుంది, షాట్ పాడవుతుందని ఎవరూ ఆయనకి చెప్పలేదు. హీరోకి డైలాగు ఎంతకీ నోటికి రాలేదు. చివరికి షాట్ ఓకే అయి ఆయన లేచేసరికి మార్తా లేదు. అంత కదలకుండా పడుకున్న శవాన్ని ఎప్పుడూ చూడలేదని ఆ పూట అందరూ మెచ్చుకున్నారట.

ఎందరి ఏడుపులకో గొంతిచ్చిన శోభారాణి, మిగతాది మామూలుగా చెప్పలేకపోయింది.

"దీనికి నవ్వితే ఆవిడ దగ్గర నేను లేనన్నది కూడా చెల్లిపోతుంది. అది చెల్లకూడదు. ఇదొక్కటీ ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు హాస్కిల్.

"సారూ, ఊరికే పళ్ళు కనబడేటట్టు ఆ అంటే సరిపోద్దండీ," అని వీర్రాజు బతిమాలాడు. "మీకు వరండా వేషం పోద్దండీ. మా కర్మ కొద్దీ మీకీ పాట్లు."

హాస్కిల్ తల అడ్డంగా ఊపాడు. వరండా ఆయనకి కావాలి, ఎంతగానో కావాలి. దానికోసం ఈ నవ్వు మాత్రం ఇవ్వడు.

నర్సింగరావు కెమెరా కట్టేసి, బీరువా తీసి, ముందే అచ్చువేసి ఉన్న కాగితం ఒకటి బయటికి లాగాడు. పేరు, ఊరు రాసి ముద్ర కొట్టాడు. అది పాక్షిక సజీవ ధ్రువపత్రం. హాస్కిల్ చాలా మటుకు బతికే ఉన్నాడనీ, ఒక్క సందర్భంలో మాత్రం చనిపోయి ఉన్నాడనీ, అందుకు ఈ విభాగానికి అభ్యంతరం లేదనీ అందులో ఉంది.

"ఇట్లాంటిది ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా?" అని శోభారాణి అడిగింది.

నర్సింగరావు బీరువా తలుపు ఇంకొంచెం తెరిచి చూపించాడు. కింది అర నుంచి పై అర దాకా అవే కాగితాలు.

సీరియల్ వాళ్ళకి ఫోన్ చేస్తే, ఆ మాత్రం బతికుంటే చాలన్నారు. వరండాలో వాన చూసేవాడికి అంతకన్న అక్కర్లేదట. పూర్తిగా బతికున్నవాణ్ణి ఒకణ్ణి పరీక్షించారట గానీ, వాడు వానను చూడకుండా గడియారం చూశాడట.

విమానాశ్రయానికి సాగనంపడానికి శోభారాణి, వీర్రాజు వచ్చారు. వీర్రాజు వాళ్ళావిడ చేత పెట్టించిన గుమ్మడి వడియాలు డబ్బాలో పోసి తెచ్చి, "నూనెలో ఇలా వేసి అలా తీసెయ్యడవేనండి," అని నేర్పాడు. హాస్కిల్ డబ్బాని చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల రెండు గేట్లున్నాయి. పాక్షికం అని రాసినదాని ముందు లైను మెలికలు తిరిగి టాయిలెట్ల దాకా ఉంది. అందరి చేతుల్లోనూ ముద్ర కొట్టిన కాగితాలు. కొన్ని కొత్తవి, కొన్ని మడతల దగ్గర చిరిగితే అతికించినవి. పూర్తిగా అని రాసిన గేటు దగ్గర ఒక్కరూ లేరు, ఆఫీసరు కుర్చీలో కునుకుతున్నాడు. ఆ గేటు గుండా పోయే అర్హత ఆ పూట అక్కడ ఒక్క చంటిదానికే ఉంది. కానీ తల్లి లైన్లో ఉంది కదా, పిల్లని ఒక్కదాన్నీ అటు పంపలేరు. అందుకని దానికీ ఇక్కడే అలవాటు చేస్తున్నారు.

పిల్ల తల్లి భుజం మీంచి హాస్కిల్ మొహాన్ని చూసి నవ్వింది. హాస్కిల్ చప్పున చుట్టూ చూశాడు. కెమెరా ఎక్కడా లేదు, నవ్వినా ఏ చావుకీ లెక్కకి రాదు. వెనకనున్నాయన ముందుకి జరగమన్నాడు, హాస్కిల్ జరిగాడు.