జల్లెడకు కన్నాలెందుకు?

ఒక పెద్ద అడవిలో తాగే నీళ్లన్నీ ఒకే జల్లెడ గుండా రావాలి. వాగుకు అడ్డంగా గిజిగాళ్లు గడ్డితో అల్లిన జల్లెడ అది. మురికి పైన ఆగేది, తేట నీళ్లు మడుగులోకి దిగేవి. అక్కడొక పని జరుగుతోందనే ఎవరికీ తెలియదు. అందుకే గిజిగాళ్లకు ఎవరూ దండం పెట్టలేదు.

ఒక ఏడు వరదకు జల్లెడ ఒక పక్క చిరిగింది. అధ్యక్షురాలు ఏనుగు సభ పెట్టి చెదలను పిలిపించింది. వాటి మేస్త్రి పుట్టయ్య.

"కన్నం కనబడితే పూడ్చెయ్. నేను చెప్పేదాకా ఆపకు," అంది ఏనుగు.

సాయంత్రానికల్లా చిరుగు మూసుకుంది. చెదలకు మెడ ఎక్కడుందో వెతికి మరీ ఏనుగు పూలదండలు వేసింది. ఆపమనడం మాత్రం మర్చిపోయింది.

పుట్టయ్య జల్లెడను దగ్గరగా చూశాడు. "ఓరి నాయనో, దీన్నిండా కన్నాలే!"

"అవి ఉండాల్సినవే మేస్త్రీ," అన్నాడొక గిజిగాడు.

"ఉండాల్సిన కన్నమని హుకుంలో ఉందా?"

 మర్నాడు ఆ గిజిగాడూ ముక్కుకు మట్టి పూసుకుని చెదల వరసలో నిలబడ్డాడు. "అల్లితే ఎవడు చూస్తాడే? పూస్తే దండ పడుతుంది," అన్నాడు పెళ్లాంతో. మిగతా గిజిగాళ్లూ అదే దారి పట్టారు.

జల్లెడ కన్నాలు ఒక్కొక్కటే పూడి మడుగు ఎండసాగింది. ఆ ఒడ్డునే ఒక జింక ఈనింది. నీళ్లు లేక దానికి పాలు పడలేదు. పిల్ల డొక్కలు ఎగరేస్తూ పడుకుంది. జింక సభకు పరుగెత్తింది.

"అమ్మా, చిరుగు పోయింది గదా. ఇక పూత ఆపించండి."

"మరమ్మతు ఆపాలా? రేపు వరదొస్తే నువ్వు అడ్డం పడుకుంటావా?" అంది ఏనుగు. సభంతా పగలబడి నవ్వింది.

దిగే దారి లేక మురికి నీళ్లు వెనక్కి తన్ని, ఎగువనున్న సభలోకే వచ్చాయి. అవే తాగి అధ్యక్షురాలి కాళ్లు వాచాయి. ఏనుగు కాళ్లు కాబట్టి చాలాకాలం ఎవరూ పోల్చుకోలేదు. చివరికి అడుగు పడక, "పగలగొట్టండి!" అని ఘీంకరించింది. మట్టి రాయిలా బిగిసిపోయింది. పొడిచిన జంతువుల కొమ్ములు విరిగాయి గానీ పెచ్చు ఊడలేదు.

"గిజిగాళ్లను పిలవండి. కొత్త జల్లెడ అల్లుతారు," అంది ఏనుగు.

గిజిగాళ్లు వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మట్టి మోసి మోసి ముక్కులు మొద్దుబారాయి.

"అల్లికా? మర్చిపోయాం తల్లీ. కావాలంటే ఇంకో పూత వేస్తాం."

ఆ మాట విన్నాక జింక అక్కడ నిలబడలేదు. పిల్లను మూతితో లేపి, పక్క అడవి వైపు నెట్టుకుంటూ పోయింది. పిల్ల నాలుగడుగులు వేసి కూలబడింది. జింక మళ్లీ లేపింది.

నీతి: అడవి జల్లెడలోనైనా, ఒంట్లో రక్తాన్ని వడకట్టే కిడ్నీలోనైనా గాయం మానుతుంది, మాన్పేవాళ్లే మానరు.