ఆదివారం ఆఫ్

ఎదురింటావిడ టైలరు భార్యతో అన్నదట, టైలరు భార్య వీధి వీధంతా చెప్పింది: నర్సమ్మ ఇంట్లో అత్తాకోడళ్లు చేతులు చేసుకునేదాకా వచ్చారని. "నా చెవులారా విన్నాను వదినా. 'వదలకే, మూలకి తోసి కొట్టు' అంటోంది ముసలావిడ. ఆ వెంటనే టక్కుమని చప్పుడు. ఎవరి నెత్తో పాపం" అని కూడా అన్నదట.

ఎదురింటావిడ చెవులు మంచివే. మధ్యలో గోడ ఉండబట్టి క్యారమ్ బోర్డు కనపడలేదు, అంతే.

వీధి మహిళల జంటల పోటీలో అత్తాకోడళ్లు ఫైనలుకి చేరారు. అవతలి జోడీ మేడింటి తోడికోడళ్లు. కిందటేడూ ఇదే ఫైనలు, ఇదే జోడీ. అప్పుడు కోడలికి ఆసుపత్రిలో సెలవు దొరక్క, అత్తగారు ఒక్కతే బోర్డు ముందు కూర్చుని, ఒక్క కాయిన్ కూడా కొట్టకుండానే ఓడి లేచి వచ్చింది. ఆ కప్పుని మేడింటివాళ్లు కిటికీలో, వీధిలోకి కనపడేలా పెట్టుకున్నారు. అత్తగారు కూరగాయలకి వెళ్లినా చుట్టు తిరిగి పక్క వీధిలోంచే వెళ్లేది.

"ఆడి ఓడితే దండం పెట్టి వస్తా. ఆడకుండా ఓడటం నావల్ల కాదమ్మాయ్. ఆదివారం పొద్దున పదింటికి నువ్వు నా ఎదురుగా ఉండాలి" అంది.

"ఉంటానత్తయ్యా. ఈసారి ఆఫ్ తీసుకునే తీరతాను" అంది నర్సమ్మ.

అన్నట్టుగానే వార్డులో పెద్ద సిస్టర్ని అడిగింది. "ఆదివారం నాకు ఆఫ్ కావాలి మేడమ్."

"ఆఫే కదా, తీసుకో" అంది పెద్ద సిస్టర్. ఇంత తేలిగ్గా ఇచ్చిందేమిటని నర్సమ్మకి అప్పుడే అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

శనివారం పొద్దున డ్యూటీల బోర్డు చూస్తే ఆదివారం ఉదయం గడిలో తన పేరే ఉంది.

"ఇదేంటి మేడమ్, ఆఫ్ ఇచ్చానన్నారు."

"ఇచ్చాగా. మధ్యాహ్నం నుంచి ఇంటికి పో. ఆఫ్ డే."

"నేనడిగింది ఆఫ్ డే కాదండీ, ఆఫ్."

"ఆఫ్ అంటే సగమే తల్లీ. మొత్తం కావాలంటే సెలవనాలి."

నర్సమ్మ వాదన పెట్టుకోలేదు. తిన్నగా పొడుగు సిస్టర్ దగ్గరికి వెళ్లింది. ఆవిడది ఆదివారం మధ్యాహ్నం డ్యూటీ. "నా పొద్దుటిది నువ్వు చెయ్యి, నీ మధ్యాహ్నంది నేను చేస్తా" అంది. పొడుగు సిస్టర్ సరేనంది. పెద్ద సిస్టర్ ఇద్దరి పేర్లూ బోర్డు మీద అటుదిటు మార్చింది. అంతటితో కథ కంచికి చేరేదే.

కానీ ఆఫ్ సగమే దొరికిందన్న మాట అత్తగారి చెవిన పడింది, డ్యూటీ మార్చుకున్న మాట పడలేదు. కిందటేడు దెబ్బ తిన్న మనిషి, ఊరుకుంటుందా? సాయంత్రం కోడలు స్నానానికి వెళ్లడం చూసి ఆసుపత్రికి తనే ఫోను చేసింది. ఎత్తింది పెద్ద సిస్టరే.

"నేను నర్సమ్మ అత్తగారినండీ. రేపు పొద్దున కోడలు దగ్గర లేకపోతే నా పని అయిపోయినట్టే. ఇప్పటికే చేతులు వణుకుతున్నాయి."

"అయ్యో, డాక్టరుకి చూపించారా?"

"ఇందులో డాక్టరేం చేస్తాడమ్మా. కోడల్ని పంపు చాలు" అని పెట్టేసింది.

పెద్ద సిస్టర్ మనసు నీరైంది. బోర్డు మీద నర్సమ్మ పేరే తుడిచేసి, మధ్యాహ్నం డ్యూటీ తన మీద వేసుకుంది. పొడుగు సిస్టర్‌కి ఫోను చేసి, "నర్సమ్మకి రేపు ఆఫ్. నీ డ్యూటీ నువ్వు చూసుకో" అంది.

పొడుగు సిస్టర్ ఆలోచించింది. ఆఫ్ అంటే సగమని ఈవిడే కదా పొద్దున చెప్పింది. అంటే నర్సమ్మ పొద్దుటి సగం మామూలుగానే చేస్తుంది, మార్పిడి రద్దయింది, తనది మళ్లీ మధ్యాహ్నమే. అలారం ఆపేసి నిద్రపోయింది.

ఆదివారం ఉదయం అత్తాకోడళ్లు చెప్పులు వేసుకుంటుంటే రాత్రి డ్యూటీ నర్సు ఫోను. "అక్కా, పొద్దుటి మనిషి రాలేదు. పొడుగక్క ఫోనెత్తట్లేదు, పెద్ద సిస్టర్ దారిలో ఉన్నట్టుంది, ఆవిడా ఎత్తట్లేదు. నిలబడే నిద్రపోయేలా ఉన్నా. ఇద్దరికి సెలైన్లు మార్చాలి."

నర్సమ్మ అత్తగారి మొహం చూసింది.

"చూడకు, వెళ్లు. సెలైన్ ఆగదు. తొందరగా మాత్రం రా" అంది అత్తగారు.

కోడలు ఎక్కిన ఆటో సందు తిరిగిందో లేదో, గుమ్మంలో ఆపిల్ పళ్ల సంచితో పెద్ద సిస్టర్ దిగింది. మంచం మీద ఉండాల్సిన మనిషి కొత్త చీరతో నిలబడి ఉండటం చూసి, గబుక్కున చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"చేతులిలా తెల్లగా పాలిపోయాయేంటండీ?"

"పౌడరు. స్ట్రైకర్ జారాలిగా."

అత్తగారు విషయం విడమరిచి చెప్పింది. చెబుతూనే ఆవిడ చెయ్యి వదలకుండా పోటీ జరిగే హాలుకి నడిపించింది. "కోడల్ని నువ్వు ఉంచేసుకున్నావు. మనిషికి మనిషి లెక్క. కూర్చో."

"నాకు క్యారమ్స్ వచ్చని ఎవరు చెప్పారు?"

"రాదని కూడా ఎవరూ చెప్పలేదుగా."

పెద్ద సిస్టర్ కూర్చుంది. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆవిడ వేళ్లకి ఎంత పేరో వీధిలో ఎవరికీ తెలీదు. మేడింటి తోడికోడళ్లకి మొదటి బోర్డులోనే తెలిసింది.

అక్కడ వార్డులో పొడుగు సిస్టర్ ఎట్టకేలకు ఫోనెత్తి, విషయం విని, తల సగమే దువ్వుకుని పరుగెత్తుకొచ్చింది. నర్సమ్మ యూనిఫామ్ కూడా మార్చకుండా ఆటోలో హాలుకి వచ్చి పడింది. జనాన్ని తోసుకుంటూ ముందుకెళితే, ఆఖరి బోర్డు నడుస్తోంది. తన కుర్చీలో పెద్ద సిస్టర్, నాలుక పంటికింద పెట్టుకుని రెడ్‌కి గురి చూస్తోంది.

"వచ్చేశానత్తయ్యా. మేడమ్ లేవండి, నేను ఆడతాను" అంది రొప్పుతూ.

అత్తగారు బోర్డు మీంచి తలెత్తలేదు.

"ఈవిడ గురి నీకంటే బాగుంది. నువ్వెళ్లి ఈవిడ మధ్యాహ్నం డ్యూటీ చూసుకో."