ఆదివారం జబ్బుల కారు

నిడదవోలులో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావుకి లోకంలో ఎవరిమీదా పగ లేదు, ఒక్క ఆదివారం మీద తప్ప.

మిగతా ఆరు రోజులూ అతను బిందెల మధ్య ఇంకో బిందెలా నిశ్చింతగా కూర్చునేవాడు. శనివారం సాయంత్రం మాత్రం కొట్టు తాళం వేసి, తీసి, మళ్ళీ వేసేవాడు. తెల్లవారితే భార్య కన్యకాపరమేశ్వరిని కారెక్కించుకుని భీమవరం వెళ్ళాలి. అక్కడ ఆవిడ చెల్లెలు సత్యలక్ష్మి ఉంది. సత్యలక్ష్మితో ఇబ్బందేం లేదు. సత్యలక్ష్మికి ఒక మొగుడున్నాడు.

ఆ మొగుడి పేరు నాగేశ్వరప్రసాద్. ఎరువుల వ్యాపారం, పద్యనాటకాల పిచ్చి. ఎవరూ స్టేజీ ఎక్కనివ్వలేదు కాబట్టి ఇంట్లోనే ఆడేవాడు. ఎప్పుడూ అతనే రాజు. మంత్రి వేషానికి ఎరువుల కొట్టు గుమాస్తాలని పిలిస్తే ఇద్దరు ఉద్యోగం మానేశారు. అప్పట్నించీ ఆదివారం వచ్చే తోడల్లుడే మంత్రి.

మంత్రికి పద్యాల్లేవు. రాజు రాగం తీసినంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి, రాగం ఆగగానే "చిత్తం ప్రభూ" అనాలి. ఒకసారి కుక్కుటేశ్వరరావు నిలబడే కునుకు తీసి, రాగం సగంలో ఉండగానే "చిత్తం ప్రభూ" అనేశాడు. రాజుకి ఆగ్రహం వచ్చి పద్యం మళ్ళీ మొదట్నించీ ఎత్తుకున్నాడు. ఆ రోజు భోజనాలు నాలుగింటికయ్యాయి.

"ఎప్పుడూ మనమేనా? వాళ్ళూ రావచ్చుగా?" అన్నాడొకసారి భార్యతో.

"ఎలా వస్తారండీ? మరిదిగారి కారు కదలట్లేదు కదా."

"రైలుంది. బస్సుంది."

"కారున్నవాడు బస్సెక్కితే భీమవరంలో పరువేం కాను అంటున్నారండి ఆయన. చెల్లినొక్కదాన్నీ పంపడానికి వాళ్ళత్తగారు అప్పాయమ్మగారు ఒప్పుకోరు."

ఆ కార్ల సంగతి కాస్త చెప్పాలి. అక్కచెల్లెళ్ళు పోటీపడి ఒకేరోజు బుక్ చేయించి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే, డెబ్భైతొమ్మిదిలో ఒకే నెలలో ఇద్దరికీ వచ్చాయి. రెండూ మయూర్ కార్లే. నాలుగు తలుపులు, వెనక డిక్కీ, ముందు నెమలి బొమ్మ. ఆ నెమలి ఒక్కటీ గట్టిగా ఉంటుందనీ, ఇంజను మాత్రం ఆర్నెల్లు నిలిస్తే అదృష్టమనీ అది కొన్నవాళ్ళందరూ చెప్పుకునేవారు. నాగేశ్వరప్రసాద్ కారు ఏడాది తిరక్కుండా షెడ్డులో పడింది. కుక్కుటేశ్వరరావుది మాత్రం ఆ కంపెనీవాళ్ళు పొరపాటున సరిగ్గా చేసిన ఒకే ఒక్క కారు. తాళం తిప్పితే చాలు, కుట్టుమిషనులా నడిచేది. నడుస్తుంది కాబట్టే ప్రతి ఆదివారమూ భీమవరం.

ఓ ఆదివారం రెండు పద్యాల మధ్య నాగేశ్వరప్రసాద్ తన ఇంజను కష్టాలు చెప్పుకున్నాడు. స్టార్టు చేస్తే దగ్గి ఊరుకుంటుందట. నాలుగు మైళ్ళు పోతే ఆవిరి కక్కుతుందట. ఆయిలు గటగటా తాగేస్తుందట. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు టకటకమంటుందట. కుక్కుటేశ్వరరావు తోడల్లుడి మాటలు అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

మరుసటి ఆదివారం, భార్య పూలు పెట్టుకుని సున్నుండల డబ్బాతో బయటికి వచ్చేలోగా అతను బానెట్టు ఎత్తి, ఇంజనుకి కరెంటు అందించే నల్ల వైరొకటి పీకి లాల్చీ జేబులో వేసుకున్నాడు. తాళం తిప్పితే కారు గురగురమంది. కదల్లేదు.

"ఏమైందండీ?"

"ఇంజను దగ్గుతోంది."

"యెహెజ్కేలుని పిలవండి మరి."

"ఆదివారం కదే! చర్చికి వెళ్ళుంటాడు."

ఊళ్ళో ఆ కారు గుట్టు తెలిసిన మెకానిక్కు యెహెజ్కేలు ఒక్కడే. ఆదివారంనాడు కలెక్టరుగారొచ్చినా అతను షెడ్డు తాళం తీసేవాడు కాదు. ఆ తాళానికి కుక్కుటేశ్వరరావు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

పరమేశ్వరి మొహం చిన్నబుచ్చుకుని డబ్బా లోపల పెట్టేసింది. సోమవారం పొద్దున్న వైరు దాని చోట్లో పెట్టేస్తే కారు హాయిగా కొట్టుకి వెళ్ళింది.

తర్వాతి ఆదివారం ఇంజనుకి ఒళ్ళు కాలింది. ఆ పై ఆదివారం టకటక.

"దగ్గయింది, జ్వరమయింది. సోమవారానికి తగ్గిపోతుందేంటండీ?" అంది పరమేశ్వరి.

"మెషిన్లంటే అంతేనే. వాటికీ మూడ్ ఉంటుంది."

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఒక నోటుబుక్కు తెచ్చుకుని, ఏ ఆదివారం ఏ జబ్బో తారీఖు వేసి రాసుకోవడం మొదలుపెట్టింది. తన మాటకింత విలువ ఇచ్చినందుకు అతను పొంగిపోయాడు. దగ్గర కూర్చుని చెప్పి మరీ రాయించేవాడు.

"రాసుకో. పిస్టనుకి నీరసం."

"పిస్టనుకి నీరసమేంటండీ?"

"లోపల తిరిగి తిరిగి వస్తుంది. రాసుకో."

అలా పదకొండు ఆదివారాలు గడిచాయి. తోడల్లుడు చెప్పిన జబ్బులు అయిపోతే సొంతంగా కల్పించాడు. పన్నెండో వారం మధ్యలో ఆవిడ ఒక కవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కంపెనీవాళ్ళు జవాబిచ్చారండీ."

"ఏ కంపెనీ? దేనికి జవాబు?"

"కారు కంపెనీ. మీరు చెప్పినవన్నీ గోపాలకృష్ణమూర్తిగారి చేత ఇంగ్లీషులో రాయించి, ఇంజను మార్చమని రిజిస్టరు పోస్టు చేశాను."

పక్కింటి గోపాలకృష్ణమూర్తిగారు రిటైరైన రైల్వే గార్డు. ఆయన ఇంగ్లీషులో రాసిన ఉత్తరానికి జవాబు రాకుండా ఉండదని పేరు. అర్థంకాక అడగడానికైనా రాసేవారు. కంపెనీవాళ్ళకి మాత్రం ఎలాగో అర్థమైంది. వచ్చే ఆదివారం రాజమండ్రిలో మయూర్ ఓనర్ల ఫిర్యాదుల శిబిరమట. మద్రాసు నుంచి ఇంజనీరు వస్తున్నాడట.

కుక్కుటేశ్వరరావు కవరు తిరగేసి చూశాడు. "ఆదివారం మన కారు కదలదు కదే. అంతదూరం ఎలా?"

"శనివారమే వెళ్ళి సత్రంలో ఉందామండీ. శనివారాలు దీనికి ఒంట్లో బాగానే ఉంటుందిగా."

రాజమండ్రిలో కార్లు అమ్మేవాళ్ళ పెరడంతా ఆ ఆదివారం మయూర్లతో నిండిపోయింది. ఒకటి ట్రాక్టరు వెనకాల వచ్చింది. కొవ్వూరాయన కారుకి రెండెడ్లు కట్టించి, తను లోపల కూర్చుని ఎడ్లకి హారను కొట్టుకుంటూ వచ్చాడు. నాగేశ్వరప్రసాద్ కారుని లారీ మీద ఎక్కించారు. లారీ ముందు సీట్లో కూర్చుంటే పరువుకి లోటని, అతను పైనున్న కార్లోనే స్టీరింగు పట్టుకుని భీమవరం నుంచి వచ్చాడు.

"చెల్లి రాలేదేం, మరిదిగారూ?" అంది పరమేశ్వరి.

"అమ్మ వద్దందండి, వదినగారూ."

సొంత కాళ్ళమీద నడిచొచ్చిన కారు అక్కడ కుక్కుటేశ్వరరావుదొక్కటే. అందరూ దాన్ని అదోలా చూశారు.

పల్లంరాజు అనే ఆ ఇంజనీరు ఒక పొడుగాటి ఊచ ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. లేచేసరికి అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"పద్దెనిమిదేళ్ళ సర్వీసండీ నాది. ఇంత మంచి ఇంజను మా కంపెనీలో తయారైందని ఇవాళే తెలిసింది. దీనికేం లేదండీ."

పరమేశ్వరి మొగుడి వైపు తిరిగింది. "అదేంటండీ, ఏం లేదంటున్నారాయన? మరి పదకొండు ఆదివారాలూ మీరు చెప్పిందంతా…?"

అన్నంతో పాటు ఇంకాస్త పప్పు వేయమంటారా అని అడిగినంత మెత్తగా అడిగింది. చుట్టూ ముప్ఫైమంది ఓనర్లు. ఏం లేదని ఒప్పుకుంటే ఇవాళే అబద్ధాలకోరైపోతాడు, పై ఆదివారం నుంచి మళ్ళీ మంత్రైపోతాడు.

"ఉందండీ! లోపలుంది. ఊచతో వింటే వినపడదు."

"పోనీ ఎలా ఉంటుందో చెప్పండి."

కుక్కుటేశ్వరరావు చెప్పలేదు, చేసి చూపించాడు. ముందు దగ్గాడు. తర్వాత గురగురమన్నాడు. బుసకొట్టి, నాలుకతో టకటకలాడించి, చివర్న పిస్టను నీరసం కూడా అభినయించి కూలబడ్డాడు.

"అదీ! మాదీ సరిగ్గా అంతే!" అని కొవ్వూరాయన అరిచాడు. ఓనర్లందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళకి తమ బాధ సరిగ్గా చెప్పగలిగినవాడు దొరికాడని ఒకాయన అతన్ని కావలించుకున్నాడు.

పల్లంరాజు జనాన్ని చూసి మెత్తబడ్డాడు. కంపెనీ ఒక్క కొత్త ఇంజనే పంపిందనీ, ఎవరి ఫిర్యాదులు ఎక్కువుంటే వాళ్ళ కారుకి బిగించమందనీ చెప్పాడు. పరమేశ్వరి నోటుబుక్కు తీసింది. తారీఖులతో సహా పదకొండు జబ్బులు. ఇంకెవరి దగ్గరా అంత పకడ్బందీగా లేదు. కుక్కుటేశ్వరరావు మెళ్ళో దండ కూడా వేశారు.

"మరి మా పాత ఇంజనేం చేస్తారండీ?" అంది పరమేశ్వరి.

"మీదే కదమ్మా, మీ ఇష్టం."

"అయితే మా మరిదిగారి కారుకి బిగించెయ్యండి."

"పదకొండు జబ్బుల ఇంజను నాకెందుకండీ, వదినగారూ?" అన్నాడు నాగేశ్వరప్రసాద్.

"మారుమాట్లాడకుండా తీసుకోండి," అన్నాడు పల్లంరాజు, అతని చెవి దగ్గరగా.

కుక్కుటేశ్వరరావు నోరు తెరిచాడు. ఇవ్వకండి అనాలంటే అది మంచి ఇంజనని ఒప్పుకోవాలి. అందుకే మూసుకున్నాడు.

రెండు కార్లకీ బిగింపు పూర్తయ్యేసరికి సోమవారం మధ్యాహ్నమైంది. దంపతులు బయల్దేరి బ్రిడ్జి మధ్యకి వచ్చారు. అక్కడ కొత్త ఇంజను దగ్గింది. బుసకొట్టింది. తలుపు తట్టినట్టు టకటకమని ఆగిపోయింది. కింద గోదావరి, వెనకాల బస్సుల హారన్లు.

"సోమవారం ఇలా చెయ్యకూడదే!" అన్నాడతను నోరుజారి.

"కొత్తది కదండీ. దీనికింకా వారాలు తెలీవు," అంది పరమేశ్వరి.

గడ్డి ట్రాక్టరు వెనక కట్టించుకుని ఇల్లు చేరారు. మంగళవారం యెహెజ్కేలు బానెట్టు ఎత్తి చూసి, నెమ్మదిగా దించేశాడు. "ఆయ్, ఇది నా చేతిలో లేదండి. ప్రార్థన చేస్తానండి," అన్నాడు.

అయినా ఆదివారం వచ్చేసరికి కుక్కుటేశ్వరరావు మనసు తేలికపడింది. ఇప్పుడు అబద్ధమాడే పని కూడా లేదు. అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని పేపరు తెరిచాడు. మొదటి పేజీ పూర్తికాకుండానే వీధి మలుపులో కుట్టుమిషను చప్పుడు వినిపించింది. పెళ్ళి చేసి పంపిన కూతురి గొంతు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

నాగేశ్వరప్రసాద్ హార్మోనియం పెట్టెతో దిగాడు. "ఎక్కడా ఆగలేదండి, అన్నయ్యగారూ! పదకొండు జబ్బులన్నారు, ఒక్కటీ కనపళ్ళేదే?"

"భీమవరం నీళ్ళు పడ్డట్టున్నాయి," అన్నాడతను నీరసంగా.

వెనక తలుపు తెరుచుకుని సత్యలక్ష్మి దిగింది. అక్కని చూడగానే నవ్వబోయి ఏడ్చేసింది. "ఆ ఇంటి గడప దాటి ఎన్నాళ్ళైందో తెలుసా అక్కా? కారులో అయితే వెళ్ళమందే మా అత్తగారు!"

అక్క ఆమెని పొదివి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆదివారాలు తనొక్కడికే కష్టమనుకున్న కుక్కుటేశ్వరరావుకి కాస్త సిగ్గేసింది. కాసేపాగి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నుంచున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమే," అంది పరమేశ్వరి పిండి రుబ్బుతూ. "కారు పాడైన మనిషి మూడో పెసరట్టు అడుగుతాడేంటండీ?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే మళ్ళీ భీమవరం తీసుకెళ్దురు. వాళ్ళత్తగారి ఎదురుగా కూర్చుని చెల్లిని చూసి వచ్చేదాన్ని, అంతేగా? అది ఇక్కడికి రావాలంటే నడిచే ఇంజను కావాలి. జిల్లా మొత్తానికి మీదొక్కటే ఉంది."

ఈలోగా వీధిలోంచి నాగేశ్వరప్రసాద్ కేకేశాడు. "అన్నయ్యగారూ! మా కారు ఎండలో ఉందండి. షెడ్డులో మీది అడ్డంగా ఉంది."

"వెళ్ళండి మరి. మీ ఒక్కరివల్ల కాకపోతే గోపాలకృష్ణమూర్తిగారిని కేకెయ్యండి," అంది పరమేశ్వరి.

కుక్కుటేశ్వరరావు లాల్చీ చేతులు పైకి మడిచి, తన కారుని వెనకనుంచి తోసుకుంటూ షెడ్డులోంచి ఎండలోకి తీసుకొచ్చాడు. ఆ వారం మొత్తంమీద అది కదిలింది అంతే.