నూరు శాతం ఆసుపత్రి

"ఈ ఆసుపత్రి కట్టేది మేస్త్రి కాదు, కృత్రిమ మేధ!" అని మంత్రివర్యులు మా ఊళ్లో శంకుస్థాపన రోజున ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేస్త్రే. పని తప్పిందని అతని సంతోషం.

రాయచూరు జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. శంకుస్థాపన జరిగిన స్థలానికి ఎదురుగా నా టీ హోటలు. అందువల్ల అభివృద్ధినంతా కూర్చున్న చోటు నుంచే చూసే భాగ్యం కలిగింది.

ముందు ఒక స్తంభం పాతి కెమెరా బిగించారు. అది రోజూ ఫోటోలు తీసి బెంగళూరుకు పంపుతుంది. అక్కడ ఏఐ వాటిని చూసి పని ఎంత శాతం అయిందో చెబుతుంది. ఇక అధికారులు ఎండన పడి మా ఊరికి రానక్కర్లేదు. ఇంతకుముందూ వచ్చేవారు కాదనుకోండి. ఇప్పుడు ఆ రాకపోవడానికి టెక్నాలజీ తోడైంది.

పిల్లర్లకు గుంతలు తవ్వారు. మర్నాడే మంత్రిగారి అభిమాన సంఘం అధ్యక్షుడు అమరేశ్ ఇంత పెద్ద ఫ్లెక్సీ తెచ్చాడు. అందులో తెల్లటి రెండంతస్తుల ఆసుపత్రి, దాని ముందు హెల్మెట్ పెట్టుకుని చేతులు జోడించిన మంత్రిగారు. ఎక్కువమంది చూసే చోట ఫ్లెక్సీ కట్టాలన్నది అమరేశ్ నియమం. బెంగళూరు వాళ్లు చూసే చోటు మా ఊళ్లో ఒక్కటే ఉంది. సరిగ్గా కెమెరా ముందు కట్టాడు.

ఇంజనీరు చంద్రమోహన్ గారు పరుగెత్తుకొచ్చారు. కాలువ కింద వలస రైతుల క్యాంపులో పుట్టి పెరిగిన ఆంధ్రా మనిషి.

"ఏంటయ్యా ఇది? కెమెరాకి అడ్డంగా ఉంది. తీయించెయ్!"

"మా సాబ్ ఫోటో తీసేస్తవా సార్? తీయి. నేను గిట్ల వీడియో పట్టుకుంట," అన్నాడు అమరేశ్ ఫోన్ ఎత్తి.

ఒక మూల తాడు వదులుగా ఉంటే చంద్రమోహన్ గారు స్వయంగా బిగించి వెళ్లారు.

సాయంత్రం బెంగళూరు నుంచి రిపోర్టు వచ్చింది. పని నూరు శాతం పూర్తి. కార్మికుడు ఒకరు హాజరు. హెల్మెట్ ఉంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

ఆ కార్మికుడు ఆదివారాలు కూడా నాగా పెట్టలేదు. దాంతో ఉత్తమ కార్మికుడని ప్రశంసాపత్రం ఇచ్చారు. అందుకోవడానికి మంత్రిగారు స్వయంగా వచ్చి, పనిలో పనిగా రిబ్బన్ కూడా కత్తిరించారు. తర్వాత ఫ్లెక్సీ అంచు ఎత్తి వెనక్కి తొంగిచూశారు. గుంతల్లో వాననీళ్లు, నీళ్లలో మా ఊరి రంగప్ప బర్రెలు.

"వెనక కొంచెం పని మిగిలినట్టుంది?"

"వెనక కెమెరా లేదండి," అన్నారు చంద్రమోహన్ గారు.

"అట్లయితే అయిపోయినట్టే."

ఇంత వేగంగా నిర్ణయం తీసుకునే నాయకుణ్ణి నేను చూడలేదు.

ఊరికి రెండు ఆసుపత్రులు దండగ కదా. పాత ఒంటిగది ఆసుపత్రికి తాళం వేశారు. మంచం, మందులు లోపలే ఉండిపోయాయి. నర్సు శివపార్వతిని కొత్త ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆమె రోజూ ఫ్లెక్సీ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. సిబ్బంది కొరత తీరిందని ఏఐ రాసింది.

సంతోషించనిది మా పక్కింటి సుంకవ్వ ఒక్కతే. ఆమె కోడలు మేఘాకు నెలలు నిండాయి.

"సిస్టరమ్మా, నా కోడలి కాన్పు యాడ చేస్తవు? గీ బొమ్మల చేస్తవా?"

"నేనేం చేయాలవ్వా? పాత గది తాళంచెవి రాయచూరుల ఉంది. అడిగితే కొత్తది ఉంది కద, పాతదెందుకు అంటున్నరు."

జల్లు పడుతున్న ఒక మధ్యాహ్నం మేఘాకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకు నేనే ఫోన్ చేశాను.

"మీ ఊళ్లోనే రెండంతస్తుల ఆసుపత్రి ఉందండీ. నాకు స్క్రీన్ మీద కనిపిస్తోంది," అంది ఒక తీయటి గొంతు.

"అది ఉత్త బొమ్మమ్మా!"

"అవునండీ, బొమ్మ చాలా క్లియర్‌గా వస్తోంది," అని పెట్టేసింది.

ఆటో ఎక్కిద్దామని నడిపించుకొస్తుంటే, మేఘా నా హోటలు బెంచీ దగ్గరే కూలబడింది. ఇక అడుగు వేయలేనంది. ఎదురుగా రోడ్డు, రోడ్డు నిండా మగాళ్లు.

"చూస్తరేంది? అడ్డం ఏమన్న కట్టుండ్రి!" అని అరిచింది శివపార్వతి.

సుంకవ్వ కొడవలి అందుకుని వానలోకి పోయింది. ఫ్లెక్సీ తాళ్లు కోసి ఈడ్చుకొచ్చింది. ఆడవాళ్లు దాన్ని బెంచీ చుట్టూ ఎత్తి పట్టుకున్నారు, మంత్రిగారి మొహం లోపలికి రాకుండా బయటికి తిప్పి. చాలాసేపటికి లోపలి నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆ ఆసుపత్రిలో జరిగిన మొదటి కాన్పు అది.

అదే సమయంలో బెంగళూరులో గగ్గోలు పుట్టింది. భవనం మాయం. కార్మికుడు గల్లంతు.

మర్నాడు పొద్దున్నే ఎస్సై మహాంతేశ్ జీపు దిగాడు.

"ఏయ్ అవ్వా! ఆసుపత్రి ఎత్తుకపోయినవంట. యాడ దాచినవ్?"

"మెల్లగ మాట్లాడు సాబ్, బిడ్డ పండుకుంది. ఆసుపత్రిని సబ్బేసి ఉతికిన. గో, దండెం మీద ఆరేసిన. ఎండినంక పట్కపో. మంత్రి మొకం మీద మరకొక్కటి ఎంత రుద్దినా పోలే."

ఎస్సై గారు నా టీ తాగుతూ, ఆసుపత్రి ఆరేదాకా కాపలా కూర్చున్నారు. తర్వాత అమరేశ్ దాన్ని యథాస్థానంలో కట్టాడు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. పని నూరు శాతం పూర్తి. కార్మికుడు తిరిగి విధుల్లో చేరారు. ముఖానికి స్వల్ప గాయం. చికిత్స కోసం వెనకే ఉన్న ఆసుపత్రిలో చేరవలసిందిగా సూచన.